చెక్క కిటికీలు ఎంచుకోవడం, కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్క కిటికీల గురించి అడిగేవాళ్ళు రెండు రకాలు. ఇల్లు కట్టుకుంటూ ఏ కలప తీసుకోవాలో తేలక తల పట్టుకున్నవాళ్ళు కొందరు. ఉన్న ఇంట్లో బిగుసుకుపోయిన రెక్కను రోజూ అరచేత్తో గుద్ది తెరుస్తున్నవాళ్ళు మిగతావాళ్ళు. ఇద్దరి ప్రశ్నలూ కలిపే రాశాను. ఎటు తిప్పి అడిగినా జవాబు చివరికి నీళ్ళ దగ్గరికే వస్తుంది: నీరు ఎక్కడ చేరుతోంది, చేరినది ఆరుతోందా లేదా. కింద ఫ్రేము అన్నచోట గోడలో బిగించిన చట్రం అనీ, రెక్క అన్నచోట తెరిచి మూసే భాగం అనీ అనుకోండి.

అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఉండగా ఇంకా చెక్క ఎందుకు?

అందం కోసం అంటారు చాలామంది. నిజమే, కానీ నా లెక్కలో అది రెండో కారణం. మొదటిది, చెక్కను బాగుచేసుకోవచ్చు. కింది మూల పుచ్చితే ఆ జానెడు ముక్క కోసేసి కొత్తది అతికిస్తే సరిపోతుంది. మామూలు పనిముట్లున్న వడ్రంగి ఎవరైనా చేయగలరు. యూపీవీసీ రెక్కలో మూల అతుకు విడిపోయినా, కొన్నేళ్ళ తర్వాత ఆ మోడల్ గడియ దొరక్కపోయినా చాలాసార్లు రెక్క మొత్తం మార్చాల్సి వస్తుంది.

వేడి సంగతికొస్తే, చెక్కతో పోలిస్తే అల్యూమినియం గుండా వేడి సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా పారుతుంది. మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెట్టిన ఖరీదైన రకాలు కొంత నయం. మామూలు రకాన్ని మిట్టమధ్యాహ్నం లోపలి వైపు నుంచి ముట్టుకుంటే ఈ లెక్క చేతికే తెలుస్తుంది.

అయితే ఏడాదికి ఒక పూట, కొన్నేళ్ళకోసారి రెండు మూడు రోజులు కేటాయించే ఓపిక లేదనుకుంటే చెక్క జోలికి వెళ్ళకండి. ఎవరూ పట్టించుకోని చెక్క కిటికీ కన్నా ఎవరూ పట్టించుకోని యూపీవీసీ కిటికీ ఎక్కువ కాలం ఉంటుంది.

ఏ కలప మంచిది?

టేకు అనేస్తే పనైపోతుంది. కానీ ఎందుకో తెలిస్తే మిగతావాటిని తూచడం కూడా వస్తుంది. కలప తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పొడవు వైపు ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ, అడ్డం వైపే అసలు కదలిక. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి టేకు, మాను కోతలో కనిపించే వలయాల వెంట 5 శాతం పైచిలుకు ముడుచుకుంటుంది. తెల్ల ఓక్‌లో అది 10 శాతం దాకా పోతుంది. అందుకే ఎండాకాలం వచ్చినా వానాకాలం వచ్చినా టేకు రెక్క దాదాపు తన కొలతలోనే ఉంటుంది. పైగా టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలకూ బూజుకూ గిట్టవు.

మహోగని, పనస కూడా కిటికీలకు బాగా పనికొస్తాయి. ఓక్ గట్టిది, మన్నుతుంది. కాకపోతే అందులోని టానిన్ అనే వగరు పదార్థం తడిలో ఇనుప మేకుతో కలిస్తే నల్లటి మరక దిగుతుంది. దానికి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడాలి. పైన్ లాంటి మెత్తటి కలప బయట నిలవాలంటే మందు ఎక్కించినదే తీసుకోవాలి. పైపైన బ్రష్‌తో పూసింది కాదు, ఒత్తిడితో లోపలికి పంపింది.

జాతి కన్నా ముందు చూడాల్సింది చేవ. మాను మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. దాని చుట్టూ బెరడుకు దగ్గరగా ఉండే పాలిపోయిన భాగంలో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకు కావలసింది అదే. టేకుదైనా సరే, ఆ తెల్లచెక్కకు ఏ గొప్పా లేదు. సగం తెల్లచెక్క ఉన్న టేకు కన్నా చేవ తేలిన పనస ఎంతో మేలు. ముదురు రంగు పూసి తెల్లచెక్కను చేవలా చూపించే పలకలు కూడా ఉంటాయి కాబట్టి, కొనేముందు ఒక అంచు మీద చిత్రిక పట్టించి చూడండి.

కలప ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది?

దీని దగ్గర నేనే దెబ్బతిన్నాను. మొదటిసారి చేయించుకున్న కిటికీకి మంచి కలపే కొన్నాను, కానీ తొందరలో ఆరకముందే కోయించాను. ఏడాది తిరిగేసరికి పట్టీల మధ్య నాణెం దూరేంత సందులు వచ్చాయి. వడ్రంగిని తిట్టుకున్నాను, తప్పు మాత్రం నాదే.

కిటికీ పనికి కలపలో తేమ 12 శాతానికి అటూఇటూగా ఉంటే మంచిది. బాగా పొడిగా ఉండే చోట ఇంకొంచెం తక్కువ, తేమ ఎక్కువగా ఉండే చోట ఇంకొంచెం ఎక్కువ. రెండు సూదులు గుచ్చి చూసే తేమ మీటరు చేతిలో పట్టేంత చిన్నది, పలక చివర కాకుండా మధ్యలో గుచ్చి చూడాలి. చివర్లు ముందే ఆరిపోయి మనల్ని మోసం చేస్తాయి.

మీటరు లేకపోతే ఇంకో దారి ఉంది. పలక మధ్యలోంచి చిన్న ముక్క కోసి తూచండి. ఓవెన్‌లో 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచండి. 112 గ్రాములది 100 గ్రాములకు దిగితే తేమ 12 శాతం. 130 నుంచి 100కు దిగితే ఆ కలపను ఇంకొన్నాళ్ళు పక్కన పెట్టాల్సిందే. నీడలో, గాలి ఆడేలా మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చితే అంగుళం మందానికి సుమారు ఏడాది అని పాత లెక్క. కొలిమి గదిలో వేడితో ఆరబెడితే కొన్ని వారాల్లో అయిపోతుంది.

వడ్రంగితో ముందే ఏం మాట్లాడుకోవాలి?

అతుకుల సంగతి ముందు. నిలువు పట్టీ, అడ్డ పట్టీ కలిసేచోట ఒక చెక్క కొనను నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన నలుపలకల రంధ్రంలోకి దించి, పక్కనుంచి చెక్క మేకు కొట్టాలి. పాత కిటికీలు వంద ఏళ్ళు నిలిచింది ఈ అతుకు వల్లే. మూల దగ్గర రెండు చెక్కలను ఏటవాలుగా కోసి జిగురు పెట్టి స్క్రూ బిగించిన రెక్క కొత్తలో ఎంత ముచ్చటగా ఉన్నా, బరువుకు జారడం ఖాయం.

రెక్క మధ్యలో చెక్క పలక ఉంటే దాన్ని గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, జిగురు పెట్టకూడదు. ఆ పలక వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. కదలడానికి చోటివ్వకపోతే పగులుతుంది. వదులుగా ఉంది, సరిగ్గా బిగించలేదు అని కొందరు వడ్రంగితో గొడవపడతారు. అది ఆయన పనితనమే.

ఇంకొన్ని చిన్న విషయాలున్నాయి, కిటికీ ఆయుష్షును తేల్చేవి మాత్రం ఇవే. ఫ్రేము కింది చెక్క బయటికి వాలుగా ఉండాలి. దాని అడుగున, బయటి అంచుకు కాస్త లోపలగా, పొడవునా ఒక గాడి తీయాలి. ఆ గాడి లేకపోతే నీటి బొట్టు చెక్క అడుగును పట్టుకుని లోపలికి పాకి గోడలో దిగుతుంది, ఉంటే అక్కడ తెగి కింద పడుతుంది. బయటి వైపు అంచులన్నీ రెండు మూడు మిల్లీమీటర్ల మేర గుండ్రంగా తీయించండి. పదునైన అంచు మీద పెయింట్ పలచబడి ముందు అక్కడే లేస్తుంది. రెక్కకూ ఫ్రేముకూ మధ్య చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కోసిన చివర్లు. కలపలో నీళ్ళు పైకి తీసుకెళ్ళే గొట్టాలు అక్కడ తెరుచుకుని ఉంటాయి కాబట్టి పక్క భాగాల కన్నా ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తాయి. అతుకు బిగించకముందే ప్రతి చివరకూ ప్రైమరు పట్టించమని చెప్పండి. బిగించాక అక్కడికి బ్రష్ పోదు.

రెక్కలు బయటికి తెరుచుకోవాలా, లోపలికా?

బయటికి తెరుచుకునేవి గాలివానకు ఇంకా గట్టిగా మూసుకుంటాయి, గదిలో చోటు తినవు. లోపలికి తెరుచుకునేవి తుడవడానికి, పెయింట్ వేయడానికి సులువు, కానీ వాన నీరు లోపలికి రాకుండా కింద పట్టీ జాగ్రత్తగా చేయాలి. పై అంతస్తులకు ఈ రెండోదే నాకు నచ్చుతుంది. ఏదైనా సరే, పైన సజ్జ ఉంటే చెక్కకు సగం కష్టం తప్పుతుంది.

పిల్లలున్న ఇంట్లో, పై అంతస్తు కిటికీ 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే స్టే బిగించుకోండి.

ఫ్రేమును గోడలో పెట్టేటప్పుడు ఏం చూడాలి?

గోడకు ఆనుకునే వైపులు ఎవరికీ కనిపించవు కాబట్టి ఎవరూ పెయింట్ వేయరు. తడి సిమెంటులోంచి చెక్క నెలల తరబడి తేమ లాగేది ఆ వైపు నుంచే. బిగించకముందే ఆ మూడు నాలుగు ముఖాలకూ రెండు పూతలు పడాలి. వీలైతే గోడల పూత పని, నేల పని అయ్యాకే రెక్కలు బిగించండి. సిమెంటు తేమకు ఉబ్బిన రెక్కను అప్పుడే చిత్రిక పట్టి సరిచేస్తే, ఇల్లు ఆరాక అది వదులైపోతుంది.

పెయింటా, వార్నిషా, నూనెనా?

చెక్క చార కనబడాలన్న కోరికతో ఎక్కువమంది పారదర్శకమైన వార్నిష్ అడుగుతారు. ఇంటి లోపల సరే. ఎండ పడే బయటి వైపు మాత్రం అది ఓడిపోయే ఆట. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వార్నిష్ గుండా దూరిపోయి, చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. వార్నిష్ బాగానే ఉంటుంది, దాని కింది చెక్క పొడిబారుతుంది. అప్పుడు వార్నిష్ పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పగుళ్ళలో దూరిన వాన నీరు బయటికి రాలేదు. ఇక మళ్ళీ పూయాలంటే అంతా గీకాల్సిందే.

రంగు ఉన్న పెయింట్‌లో రంగుపొడి ఎండను అడ్డుకుంటుంది. అందుకే అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. చార కనబడి తీరాలంటే మధ్యేమార్గం ఉంది: కొద్దిగా రంగు కలిసి చెక్కలోకి ఇంకే స్టెయిన్. పైన పొరలా కట్టదు, కాబట్టి లేవదు. వెలిసిందనిపించినప్పుడు కడిగి, ఆరాక మళ్ళీ పూయడమే. లక్క పాలిష్ లోపల ఎంత మెరిసినా బయట వాడకండి, నీళ్ళు తగిలితే తెల్లబడుతుంది.

అవిసె నూనె పాత పద్ధతి, మంచిదే. నిదానంగా ఆరుతుంది కాబట్టి పలచగా పూసి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత పైన మిగిలినది తుడిచేయాలి. ఒక జాగ్రత్త మరిచిపోవద్దు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడి ఉండలోంచి బయటికి పోలేకపోవడమే కారణం. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదంటే నీళ్ళలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

టేకుకు పూత వేసేముందు థిన్నరుతో తుడవాలి. లేకపోతే దాని సొంత నూనే పూతను పట్టనివ్వదు.

ఎన్నాళ్ళకోసారి పెయింట్ వేయాలి?

క్యాలెండరు చూసి కాదు, కిటికీని చూసి. ఎండా వానా నేరుగా తగిలే వైపు నాలుగైదేళ్ళకే అడుగుతుంది, నీడ వైపు దానికి రెట్టింపు కాలం ఉండొచ్చు. ఇంటి మొత్తానికీ ఒకేసారి వేయించాలన్న నియమమేమీ లేదు. వానలు మొదలయ్యే ముందు ఏడాదికోసారి దుమ్ము కడిగి, కింది పట్టీలు, మూల అతుకులు, గాజు అంచులు చూడండి. నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తే చాలు. ముత్యాల్లా నిలిస్తే పూత బాగుంది. ఇంకిపోయి చెక్క నల్లబడితే వేళయింది. ఆ దశలో సన్నటి సాండ్‌పేపర్, ఒక పూత సరిపోతాయి. ఇంకో రెండేళ్ళు ఆగితే గీకుడు పని తప్పదు.

వానాకాలంలో రెక్కలు బిగుసుకుంటున్నాయి. చిత్రిక పట్టించనా?

ఆగండి. వాన తేమకు ఉబ్బిన రెక్కను అప్పుడు చెక్కిస్తే, ఎండాకాలంలో సందులోంచి దుమ్ము, గాలి, బల్లి అన్నీ వస్తాయి. ముందు ఎక్కడ రాసుకుంటోందో కనుక్కోండి: మధ్యలో కార్బన్ కాగితం పెట్టి మూస్తే ఆ చోట మచ్చ పడుతుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దండి. చాలా రెక్కలు దాంతోనే దారికొస్తాయి.

ఏటా ఇదే తంతు అయితే కారణం రెండింట్లో ఒకటి. ఏళ్ళ తరబడి పెయింట్ మీద పెయింట్ పడి అంచు మందమెక్కి ఉంటుంది, దాన్ని గీకేస్తే చాలు. లేదా రెక్క పై అంచు, కింది అంచు అసలు పెయింట్ చూసి ఉండవు. నిలబడి చూస్తే కనిపించవు కదా, అందుకే అందరూ వదిలేస్తారు. పొడి కాలంలో రెక్క దించి ఆ అంచులకు పూత వేస్తే తేమ పీల్చడం బాగా తగ్గుతుంది. అప్పటికీ తగులుతుంటే, అప్పుడు చిత్రిక.

రెక్క కిందికి జారి ఫ్రేముకు రాసుకుంటోంది?

పై బందు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, నూటికి తొంభై మార్లు అంతే. స్క్రూ తీసి, రంధ్రంలో జిగురు పూసిన చెక్క పుల్లలు దట్టంగా కొట్టి, ఆరాక మళ్ళీ బిగించండి.

కింది మూల మెత్తగా అయింది. రెక్క మార్చాలా?

స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టి చెక్క అడ్డుకుంటుంది, పుచ్చిన చోట రొట్టెలో దిగినట్టు దిగుతుంది. ఎక్కడిదాకా దిగుతోందో పెన్సిలుతో గీత గీయండి. మార్చాల్సింది ఆ గీత దాకానే, ఇంకో రెండు అంగుళాలు గట్టి చెక్కతో కలిపి.

చెక్కను పుచ్చబెట్టేది బూజు జాతి. తేమ సుమారు 20 శాతం కన్నా తక్కువ ఉంటే అది పెరగలేదు. అంటే ఆ మూల చాన్నాళ్ళు ఆరకుండా ఉందన్నమాట. తడవడం వల్ల చెక్క పాడవదు, తడిసింది ఆరకపోవడం వల్ల పాడవుతుంది. కాబట్టి ముందు నీరు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవాలి: ఊడిన పుట్టీయా, పూడుకుపోయిన అడుగు గాడా, సజ్జ మీంచి కారే నీరా. అది సరిచేయకుండా అతికిన కొత్త ముక్క కూడా అదే దారి పడుతుంది.

అతుకు ముక్క అదే జాతి కలపది, చార అదే దిశలో ఉన్నది తీసుకోవాలి. కోత ఏటవాలుగా, నీరు బయటికి జారేలా ఉండాలి. నీటికి తట్టుకునే జిగురే వాడాలి. చిన్న గుంటలైతే చెక్క పూర్తిగా ఆరాక ఎపాక్సీ నింపొచ్చు. సిమెంటుతో, గోడ లప్పంతో పూడ్చకండి. చెక్క కదులుతుంది, అవి కదలవు. అంచున వచ్చే వెంట్రుక మందం పగులు నీళ్ళకు చాలు.

చెక్క నుంచి పొడి రాలుతోంది. చెదలా?

పొడిని వేళ్ళ మధ్య నలిపి చూడండి. మైదాపిండిలా ఉండి, చెక్క మీద గుండుసూది తలంత రంధ్రాలుంటే అది చెక్క పురుగు, తెల్లచెక్కనే తింటుంది. గసగసాల్లా గట్టి గింజలుగా ఉంటే పొడి చెక్కలో కాపురముండే చెద. పొడి ఏమీ లేకుండా గోడ మీంచి మట్టి గొట్టాలు వస్తే నేల చెద. ఈ చివరిదానికి కిటికీ ఒక్కదానికే మందు కొట్టి ప్రయోజనం లేదు, పుట్ట నేలలో ఉంటుంది. ఇంటి పునాది చుట్టూ మందు వేయించాలి. మొదటి రెండింటికీ పెయింట్ గీకిన చెక్కకు బోరాన్ లవణాల ద్రావణం పట్టిస్తే లోపలికి ఇంకుతుంది. పెయింట్ మీద పూస్తే దండగ.

గాజు చుట్టూ పుట్టీ ఊడిపోతోంది?

పాతది తీసి, గాడిలో చెక్కకు ప్రైమరు వేసి ఆరాకే కొత్తది పెట్టండి. వట్టి చెక్క పుట్టీలోని అవిసె నూనెను పీల్చేస్తే పుట్టీ సుద్దలా రాలిపోతుంది. వారం పది రోజులకు పైన పొర కట్టాక పెయింట్ వేస్తూ, గాజు మీదికి కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు పోనివ్వండి. చాలామంది అక్కడ టేపు అంటించి నీటుగా ఆపేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, నీరు సరిగ్గా ఆ గీతలోంచే దిగుతుంది.

పాత పెయింట్ గీకాలి. సాండర్ మెషిన్ వాడొచ్చా?

ఇల్లు పాతదైతే వద్దు. పాత పెయింట్లలో సీసం ఉండేది. అమెరికా 1978లో ఇళ్ళ పెయింట్లలో దాన్ని నిషేధించింది, చాలా దేశాలు ఇంకా ఆలస్యంగా మేలుకున్నాయి. సీసం ధూళి ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. కాబట్టి పొడిగా రుద్దొద్దు, బ్లోటార్చ్‌తో కాల్చొద్దు. నీళ్ళు చల్లి తడిగా గీకండి, కింద ప్లాస్టిక్ పట్టా పరవండి, సన్నటి ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ పూట ఇంకోచోట ఉంచండి.

పాత రెక్కలకు డబుల్ గ్లాస్ పెట్టొచ్చా?

బరువు లెక్క చూసుకోండి. గాజు చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 4 మిల్లీమీటర్ల ఒంటి గాజు 10 కిలోలైతే, అదే మందంలో జంట గాజు 20. పాత అతుకులు, బందులు దానికి చేసినవి కావు, గాజు కూర్చునే గాడి కూడా అంత లోతు ఉండదు. వేడి ప్రసారం సుమారు సగానికి తగ్గే మాట నిజమే. కానీ అంతకన్నా ముందు రెక్క చుట్టూ రబ్బరు పట్టీ అంటించి చూడండి. గాలి, దుమ్ము, చప్పుడు ఎక్కువగా వచ్చేది సందుల్లోంచే. రోడ్డు చప్పుడే బాధైతే, పాత కిటికీని అలాగే ఉంచి లోపలి వైపు పది సెంటీమీటర్లకు పైగా ఎడంతో ఇంకో గాజు రెక్క పెట్టించడం మేలు.

పాత ఇళ్ళు కూల్చినచోట అమ్మే కిటికీలు కొనొచ్చా?

కొనొచ్చు. ముదిరిన చెట్ల కలప, దశాబ్దాలుగా ఆరింది, ఇక మెలి తిరిగేది పెద్దగా ఉండదు. అడుగు చెక్క పొడిచి చూడండి, మూలలకు తాడు పట్టి రెండు ఐమూలలూ కొలవండి, సమానంగా లేకపోతే చట్రం వాలిందని అర్థం. మేకులు దాగి ఉంటాయి కాబట్టి కోతకు ముందు అయస్కాంతం తిప్పమనండి. లేకపోతే రంపం పళ్ళు పోతాయి, వడ్రంగి మొహం మాడుతుంది.

కొత్తవి చేయించాక ఇంకేమైనా చేయాలా?

మిగిలిన కలప ముక్కలు పారేయకండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఏ మూల పుచ్చినా అతకడానికి అదే జాతి, అదే ఈడు కలప దొరకడం కష్టం. రెండు మూడు అడుగుల ముక్కలు నాలుగు తీసి, ఏ కిటికీవో పెన్సిలుతో రాసి, నేలకు తగలకుండా అటక మీద పెట్టండి. వాడిన పెయింట్ డబ్బా మూత మీది రంగు నంబరు కూడా వాటి మీదే రాసేయండి.